108 పాయింట్లు చేసి అయిదో స్థానం: హార్ట్ ట్రోఫీ లెక్క ఎక్కడ తేడా కొడుతోంది?

2016-17 సీజన్‌లో కానర్ మెక్‌డేవిడ్ సరిగ్గా 100 పాయింట్లు చేశాడు. ఎన్‌హెచ్‌ఎల్‌లో ఆ ఏడాది అత్యంత విలువైన ఆటగాడికి ఇచ్చే హార్ట్ ట్రోఫీ అతనికే వచ్చింది. మరుసటి సీజన్‌లో ఇంకో ఎనిమిది ఎక్కువ చేశాడు. 108తో ఆ ఏడాదీ లీగ్‌లో అతనే టాప్. ఓట్లు లెక్కపెట్టి చూస్తే మాత్రం అయిదో స్థానంలో ఉన్నాడు. ఆట తగ్గలేదు, గాయాలు కాలేదు, 82 మ్యాచ్‌లూ ఆడాడు. మరి తగ్గిందేమిటి? అతని జట్టు ఎడ్మంటన్ ఆయిలర్స్ టేబుల్లో 103 పాయింట్ల నుంచి 78కి జారిపోయింది.

ఇక్కడ హాకీ అంటే ధ్యాన్‌చంద్ ఆడిన హాకీ కాదు. మంచు మీద స్కేట్లు కట్టుకుని, రబ్బరు పక్‌ను కొడుతూ ఆడే ఐస్ హాకీ. అమెరికా, కెనడాల్లో నడిచే ఎన్‌హెచ్‌ఎల్ దానికి అతి పెద్ద లీగ్. గోలీతో, అంటే గోల్‌కీపర్‌తో కలిపి ఒక్కో వైపు ఆరుగురు, అరవై నిమిషాల ఆట, అప్పట్లో సీజన్‌కు 82 మ్యాచ్‌లు. చిక్కేమిటంటే ఈ ఆటలో 'పాయింట్' అనే ఒక్క మాట రెండు మూడు పనులు చేస్తుంది. గోల్ కొట్టినవాడికి ఒక పాయింట్, ఆ గోల్‌కు ముందు పక్ అందించిన ఇద్దరి వరకూ తలా ఒకటి. ఇవి ఆటగాడి పాయింట్లు. జట్టు గెలిస్తే రెండు, ఓవర్‌టైమ్‌లో ఓడితే ఒకటి. ఇవి టేబుల్ పాయింట్లు. అవార్డుకు వేసే ఓట్లకు కూడా పాయింట్లే. ఏది ఏదో కలగాపులగం కాకుండా చూసుకుంటే సగం గొడవ అర్థమైనట్టే.

మిగతా సగం గొడవ అవార్డు నిర్వచనంలోనే ఉంది. హార్ట్ ట్రోఫీ 'తన జట్టుకు అత్యంత విలువైన ఆటగాడి'కి ఇచ్చేది. 1924లో ఒట్టావా సెనేటర్స్ ఆటగాడు ఫ్రాంక్ నైబర్‌తో మొదలైంది. కప్పును ఇచ్చింది డాక్టర్ డేవిడ్ హార్ట్. ఆయన కొడుకు సిసిల్ హార్ట్ తర్వాత మాంట్రియల్ కెనేడియన్స్‌కు కోచ్ అయ్యాడు. వందేళ్లుగా ఈ కప్పు చుట్టూ నడుస్తున్న పేచీ అంతా ఆ 'తన జట్టుకు' అన్న రెండు మాటల దగ్గరే.

ఎందుకంటే ఎక్కువ పాయింట్లు చేసినవాడికి వేరే కప్పు ఉంది, ఆర్ట్ రాస్ ట్రోఫీ. ఐపీఎల్‌లో ఆరెంజ్ క్యాప్ లాంటిది. లెక్క చూసి ఇచ్చేయడమే, వాదనకు తావు లేదు. 'ఈ సీజన్‌లో అందరికంటే బాగా ఆడినవాడు ఎవరు' అన్న ప్రశ్నకూ వేరే అవార్డు ఉంది. అది టెడ్ లిండ్సే అవార్డు, దానికి ఆటగాళ్లే ఓటేస్తారు. 2018లో ఆ రెండూ మెక్‌డేవిడ్‌వే. ఎదురుగా నిలబడి అతన్ని ఆపాల్సి వచ్చినవాళ్లు అతనే బెస్ట్ అన్నారు. ప్రెస్ బాక్సుల్లో కూర్చుని చూసిన హాకీ రచయితలు హార్ట్ ట్రోఫీని న్యూజెర్సీ డెవిల్స్ ఆటగాడు టేలర్ హాల్‌కు ఇచ్చారు.

హాల్ ఆ ఏడాది చేసింది 93 పాయింట్లు. మెక్‌డేవిడ్ కంటే 15 తక్కువ. అయినా అతనికి ఓటేసినవాళ్ల వాదన తీసిపారేసేది కాదు. లీగ్‌లో ఈస్ట్, వెస్ట్ అని రెండు విభాగాలు; అంతకు ముందు సీజన్‌లో డెవిల్స్ ఈస్టర్న్ కాన్ఫరెన్స్‌లో అట్టడుగున ఉన్న జట్టు. 2012 తర్వాత ప్లేఆఫ్స్ ముఖం చూడలేదు. ఆ జట్టును హాల్ దాదాపు ఒంటి చేత్తో లాక్కొచ్చాడు. డెవిల్స్‌లో అతని తర్వాత ఎక్కువ పాయింట్లు చేసిన నీకో హీషియర్‌వి 52 మాత్రమే. నలభై ఒక్క పాయింట్ల తేడా. సీజన్ మధ్యలో అతను బరిలోకి దిగిన 26 వరుస మ్యాచ్‌ల్లో ఒక్కదాంట్లోనూ ఖాళీ చేతులతో వెళ్లలేదు. పైగా ఇందులో కాస్త కథ కూడా ఉంది. ఈ హాల్‌నే 2016 జూన్‌లో ఆయిలర్స్ ఒక డిఫెన్స్‌మన్ కోసం డెవిల్స్‌కు ఇచ్చేసింది. అంటే వద్దనుకుని పంపినవాడు, అట్టిపెట్టుకున్నవాడిని దాటి కప్పు పట్టుకెళ్లాడు. ఓటేసేవాళ్లు రచయితలు. ఇలాంటి కథ వాళ్ల ముందుకొస్తే చెయ్యి అటే లాగుతుంది.

కథ పక్కన పెట్టి లెక్క చూద్దాం. హాకీ గణాంకాలు చూసేవాళ్లు వాడే ఒక మోటు కొలత ఉంది: సీజన్ మొత్తం మీద ఆరు గోల్స్ తేడా అంటే దాదాపు ఒక విజయం. ఒక స్టార్ ఫార్వర్డ్ తన స్థానంలో ఏదో ఒక సాదాసీదా ఆటగాడు ఉంటే వచ్చే ఫలితం కంటే జట్టుకు 24 గోల్స్ మేలు చేశాడనుకుందాం. చిన్న అంకె కాదు, చాలా గొప్ప సీజన్ కిందే లెక్క. 24 గోల్స్ అంటే నాలుగు విజయాలు, ఎనిమిది టేబుల్ పాయింట్లు.

ఇప్పుడు ఆ ఎనిమిదినే ఇద్దరికీ సమానంగా పంచి చూడండి. డెవిల్స్ 97 పాయింట్లతో ప్లేఆఫ్స్‌కు వెళ్లింది. హాల్ లేకపోతే 89, ఇంటికే. ఆయిలర్స్ 78. మెక్‌డేవిడ్ లేకపోతే 70. ఎలాగూ ఇంటికే. వెస్ట్‌లో చివరి ప్లేఆఫ్ బెర్తు 95 పాయింట్లతో కొలరాడోకు దక్కింది. అంటే ఎడ్మంటన్‌కు అచ్చం మెక్‌డేవిడ్ లాంటి ఇంకొకణ్ని తెచ్చి ఇచ్చినా 86 దగ్గరే ఆగిపోయేది. ఒకే ఎనిమిది పాయింట్లు ఒకచోట గీత దాటించాయి కాబట్టి బంగారం, ఇంకోచోట దాటించలేదు కాబట్టి ఇత్తడి. తేడా ఆటగాడిలో లేదు, మ్యాచ్‌కు సిద్ధమయ్యే ఇరవై మందిలో మిగతా పందొమ్మిది మందిలో ఉంది.

ఆ గీత కూడా ఎంత సన్ననిదో చూడాలి. ఆ ఏడాది ఈస్ట్‌లో ఫ్లోరిడా పాంథర్స్‌కు 96 వచ్చాయి. డెవిల్స్ కంటే ఒక్కటి తక్కువ. ఫ్లోరిడా ఎక్కడో ఒక రాత్రి ఓడిన మ్యాచ్ గెలిచి ఉంటే 98తో వాళ్లే లోపలికి వెళ్లేవాళ్లు, డెవిల్స్ బయట ఉండేది. హాల్ 93 అలాగే ఉండేవి. ఆ 26 మ్యాచ్‌ల వరుస అలాగే ఉండేది. 'ప్లేఆఫ్స్‌కు వెళ్లని జట్టులో విలువైన ఆటగాడేంటి' అన్న సూత్రం పట్టుకుంటే మాత్రం అతని విలువ ఒక్క రాత్రిలో ఆవిరైపోయేది, అదీ అతను ఆడని మ్యాచ్ వల్ల.

రెండో వాదన, అంటే జట్టులో రెండో స్థానంలో ఉన్నవాడికీ ఇతనికీ ఎంత తేడా అన్నది, పైకి చూస్తే ఇంకా గట్టిగా ఉంటుంది. కానీ అది కొలిచేది ఏమిటి? ఏ చెట్టూ లేని చోట ఆముదపు చెట్టే మహావృక్షం అంటారు. హాల్ ఆముదపు చెట్టు కాదు గానీ, ఆ నలభై ఒకటి అనే అంకెలో అతని గొప్పతనం ఎంతో హీషియర్ అనుభవం లేనితనమూ అంతే ఉంది. ఆ కుర్రాడు అప్పుడే లీగ్‌లోకి వచ్చి మొదటి సీజన్ ఆడుతున్నాడు. అతనే ఇంకో ఇరవై పాయింట్లు చేసి ఉంటే డెవిల్స్ ఇంకా బాగుండేది, హాల్ 'విలువ' మాత్రం పడిపోయేది. పక్కవాడు బాగా ఆడితే తగ్గిపోయే విలువను విలువ అనడం కొంచెం కష్టమే.

ఈ కొలతనైనా ఓటర్లు ఏటా ఒకేలా వాడతారా అంటే అదీ లేదు. 2023-24 చూడండి. టాంపా బే తరఫున నికిటా కుచెరోవ్ 144 పాయింట్లు చేశాడు. వాళ్ల జట్టులో రెండో స్థానం బ్రేడెన్ పాయింట్‌ది (ఆటగాడి పేరే పాయింట్, ఏం చేస్తాం), 90 దగ్గర. తేడా 54. కొలరాడోలో నేథన్ మెకినన్ 140, అతని వెనక మికో రాంటనెన్ 104. తేడా 36. 2018 తర్కం ప్రకారం కుచెరోవ్‌కు పోటీయే ఉండకూడదు: పాయింట్లూ అతనివే ఎక్కువ, తేడా అతనిదే పెద్దది, జట్టూ ప్లేఆఫ్స్‌కు వెళ్లింది. హార్ట్ మెకినన్‌కు వెళ్లింది, అదీ భారీ ఆధిక్యంతో. మెకినన్ అర్హుడు కాడని కాదు. 51 గోల్స్ కొట్టాడు, మంచు మీద ఉన్నంతసేపూ ఆట మొత్తం అతని చేతుల్లోనే నడిచింది, ఆ ఏడాది తోటి ఆటగాళ్ల ఓటు కూడా అతనికే. అయితే 2018లో 97 పాయింట్లు చేసి హాల్ చేతిలో స్వల్ప తేడాతో ఓడిపోయింది కూడా ఈ మెకినన్నే. ఒకసారి పక్కన మంచి జోడీ ఉన్నందుకు వెనకబడ్డాడని అన్నవాళ్లు, ఇంకోసారి అదే జోడీని పట్టించుకోలేదు.

ఈ తిరకాసు కొత్తదేమీ కాదు. 1980 నుంచి 1987 వరకు వరుసగా ఎనిమిదేళ్లు హార్ట్ ట్రోఫీ వేన్ గ్రెట్స్కీ ఇంటికే వెళ్లింది. ఆ వరుసను తెంచింది పిట్స్‌బర్గ్ పెంగ్విన్స్ కుర్రాడు మారియో లెమ్యూ, 1988లో, 168 పాయింట్లతో. ఆ ఏడాది పెంగ్విన్స్‌కు టేబుల్లో 81 వచ్చాయి, ప్లేఆఫ్స్‌కు వెళ్లలేదు. ఎవరూ అడ్డు చెప్పలేదు. మరుసటి ఏడాది లెమ్యూ 199 పాయింట్లు చేశాడు. నూట తొంభై తొమ్మిది. గ్రెట్స్కీని మినహాయిస్తే ఆ అంకె దరిదాపుల్లోకి ఎవరూ రాలేదు. 85 గోల్స్. పెంగ్విన్స్ 87 టేబుల్ పాయింట్లతో ఏళ్ల తర్వాత ప్లేఆఫ్స్‌కూ వెళ్లింది. హార్ట్ ట్రోఫీ మాత్రం 168 పాయింట్లు చేసిన గ్రెట్స్కీకి ఇచ్చారు. జట్టు బయట ఉన్న ఏడాది కప్పు వచ్చింది, లోపలికి తీసుకెళ్లిన ఏడాది పోయింది.

గ్రెట్స్కీ పక్షాన ఉన్న వాదన ఏమిటంటే, అంతకు ముందు ఆగస్టులోనే ఎడ్మంటన్ అతన్ని లాస్ ఏంజెలెస్ కింగ్స్‌కు ఇచ్చేసింది. కెనడా అంతా గగ్గోలు పెట్టిన ట్రేడ్ అది. అతను రాగానే కింగ్స్ 68 నుంచి 91కి ఎగబాకింది, అతను పోగానే ఆయిలర్స్ 99 నుంచి 84కి దిగింది. ఒక మనిషిని ఒక తక్కెడలోంచి తీసి ఇంకో తక్కెడలో వేసి చూసినట్టు. 'తన జట్టుకు విలువ' అన్న మాటకు ఇంతకంటే స్పష్టమైన రుజువు దొరకడం కష్టం. ఒప్పుకోవాల్సిందే. అయినా ఆ తక్కెడలో గ్రెట్స్కీ ఒక్కడే లేడు. రెండు వైపులా ఇంకా కొందరు మారారు, ఆటగాళ్లు ఎదిగారు, తగ్గారు. 31 పాయింట్ల తేడాను మింగేసేంత బరువు ఆ రుజువుకు ఉందా అంటే, లేదనే అనిపిస్తుంది. అది లెమ్యూకు రావాల్సిన కప్పు.

జట్టు మారడం మీద విలువ కొలిచే పద్ధతికి పరాకాష్ఠ జో థార్న్‌టన్. 2005 నవంబర్ చివర్లో బోస్టన్ బ్రూయిన్స్ అతన్ని శాన్ హొసే షార్క్స్‌కు పంపింది. షార్క్స్ అప్పటికి వరుసగా పది మ్యాచ్‌లు ఓడి ఉంది. అతను వచ్చాక ప్లేఆఫ్స్‌కు వెళ్లింది, బోస్టన్ వెళ్లలేదు. రెండు జట్లకూ కలిపి థార్న్‌టన్ 125 పాయింట్లు చేసి ఆర్ట్ రాస్, హార్ట్ రెండూ గెలిచాడు. సీజన్ మధ్యలో జట్టు మారి ఆ రెండూ గెలిచింది అతనొక్కడే. మరి 'తన జట్టు' ఏది? ఓటర్లు ఆ ప్రశ్న వేసుకోలేదు, వేసుకోకపోవడమే మంచిదైంది.

ఇంకా వెనక్కి వెళితే 1954లో అల్ రాలిన్స్ కనిపిస్తాడు. షికాగో గోలీ. ఆ జట్టు 70 మ్యాచ్‌ల్లో గెలిచినవి పన్నెండు. లీగ్‌లో ఆఖరి స్థానం. హార్ట్ ట్రోఫీ ఆఖరి స్థానంలో ఉన్న ఆ జట్టు గోలీకే ఇచ్చారు. ఇతను లేకపోతే ఆ పన్నెండు కూడా ఉండేవి కావని లెక్క. గీత దాటించాలన్న సూత్రం అప్పటివాళ్లకు తెలియదన్నమాట.

ఓట్లు ఎలా వేస్తారో కూడా తెలిస్తే ఈ చిత్రం ఇంకాస్త పూర్తవుతుంది. వృత్తిపరమైన హాకీ రచయితల సంఘం సభ్యులు లీగ్ దశ ముగిశాక, ప్లేఆఫ్స్ మొదలయ్యే లోపు ఓటేస్తారు. ఒక్కొక్కరూ అయిదు పేర్లు వరుసగా రాయాలి. వాటికి 10, 7, 5, 3, 1 చొప్పున పాయింట్లు. అందువల్ల మొదటి స్థానం ఎవరిదన్నదే కాదు, రెండో మూడో పేరుగా ఎవరిని ఎంతమంది రాశారన్నదీ ఫలితాన్ని తిప్పేస్తుంది. 2000లో డిఫెన్స్‌మన్ క్రిస్ ప్రాంగర్ యారోమిర్ యాగర్‌ను ఒకే ఒక్క పాయింట్‌తో ఓడించాడు. 2002లో ఇద్దరికి పాయింట్లు సమానమైతే, మొదటి స్థానం ఓట్లు ఎక్కువ ఉన్నందుకు గోలీ జోసే థియోడర్ గెలిచాడు, ఆ ఏడాది పాయింట్లలో, గోల్స్‌లో రెండింట్లోనూ మొదటివాడైన జరోమ్ ఇగిన్లా ఓడాడు. ఇగిన్లా జట్టు ప్లేఆఫ్స్‌కు వెళ్లలేదని వేరే చెప్పక్కర్లేదు.

2018 నుంచి ఎవరు ఎవరికి ఓటేశారో బహిరంగంగా ప్రకటిస్తున్నారు. దాంతో విడ్డూరాలు తగ్గాయి, పూర్తిగా పోలేదు. 2023లో మెక్‌డేవిడ్ 153 పాయింట్లు చేస్తే 196 మందిలో 195 మంది అతని పేరే పైన రాశారు. మిగిలిన ఒక్కరు అతన్ని అయిదో స్థానంలో పెట్టారు.

డిఫెన్స్‌మన్లకు ఈ పోటీలో చోటు లేనట్టే. 1972లో బాబీ ఓర్ తర్వాత 2025 వరకు గెలిచింది ఒక్క ప్రాంగర్. వాళ్లకు నోరిస్ ట్రోఫీ ఉందిగా అంటారు. గోలీలకూ అదే మాట చెబుతారు, వెజీనా ట్రోఫీ ఉందిగా అని. నిజానికి 'తన జట్టుకు' అన్న మాటను నిజాయితీగా పట్టుకుంటే అందరికంటే ముందు నిలబడాల్సింది గోలీయే. స్టార్ ఫార్వర్డ్ అరవై నిమిషాల్లో ఇరవై రెండు నిమిషాలు మంచు మీద ఉంటే గొప్ప. ముప్పావు నిమిషం ఆడి, బెంచీ మీదకు వచ్చి రొప్పుతూ కూర్చుంటాడు, మళ్లీ దిగుతాడు. గోలీకి ఆ వెసులుబాటు లేదు. అరవై నిమిషాలూ అక్కడే. అతని ముందు ఎవరు తప్పు చేసినా ఆఖరికి పక్ వచ్చేది అతని దగ్గరికే.

2025లో విన్నిపెగ్ జెట్స్ గోలీ కానర్ హెలబక్ హార్ట్ గెలిచాడు. నూరేళ్ల చరిత్రలో ఈ కప్పు ఒక గోలీకి వెళ్లడం అది తొమ్మిదోసారి. డొమినిక్ హాషెక్ ఒక్కడే రెండుసార్లు తీసుకున్నాడు. హెలబక్ తన మీదకొచ్చిన షాట్లలో 92.5 శాతం ఆపాడు. ఆ ఏడాది లీగ్ సగటు 90 దగ్గర ఉంది. రెండున్నర శాతమేగా అనిపిస్తుంది. 1,600 షాట్ల మీద వేసి చూస్తే నలభై గోల్స్. ఆరు గోల్స్‌కు ఒక విజయం అనుకుంటే ఆరున్నర విజయాలు. ఏ ఫార్వర్డ్ అయినా ఆ దరిదాపులకు రావాలంటే చెమటోడ్చాలి. అందులో కొంత జెట్స్ డిఫెన్స్ చలవ, సందేహం లేదు. షాట్లను ప్రమాదం లేని కోణాల్లోకి నెట్టే జట్టు ముందుంటే ఏ గోలీ శాతమైనా మెరుగ్గా కనిపిస్తుంది. ఆ వాటా తీసేసినా మిగిలేది పెద్దదే. ఆ తర్వాత ప్లేఆఫ్స్ మొదటి రౌండులో సెయింట్ లూయిస్ మీద మూడు మ్యాచ్‌ల్లో అతన్ని మధ్యలోనే బెంచీకి పిలవాల్సి వచ్చింది. అప్పటికే ఓట్లు పెట్టెలో పడ్డాయి. పడకపోతే ఏమయ్యేదో ఊహించడం కష్టం కాదు.

ఈ గోలీ లెక్కతో మొదటి ప్రశ్న దగ్గరికి తిరిగి వెళ్లవచ్చు. 2016-17లో ఎడ్మంటన్ గోలీ కామ్ టాల్బట్. 73 మ్యాచ్‌లు ఆడి, 42 గెలిపించి, 91.9 శాతం షాట్లు ఆపాడు. మరుసటి ఏడాది ఆ అంకె 90.8కి దిగింది. ఒకటింపావు కూడా కాదు, ఒకటి పాయింట్ ఒకటి శాతం. సీజన్‌కు రెండు వేల షాట్లు అనుకుంటే ఇరవై రెండు గోల్స్, దగ్గర దగ్గర ఏడు టేబుల్ పాయింట్లు. దానికి తోడు ఆయిలర్స్ పవర్ ప్లే, అంటే అవతలి జట్టులో ఒకడు శిక్ష మీద బయట కూర్చున్నప్పుడు ఆడే ఆట, లీగ్ మొత్తం మీద అట్టడుగున నిలిచింది. ఆ పవర్ ప్లేలో మెక్‌డేవిడ్ కూడా ఉన్నాడు కాబట్టి అందులో అతని వాటా కొంత రాసుకోవాలి. టాల్బట్ వదిలేసిన ఇరవై రెండు గోల్స్‌ను మాత్రం అతని ఖాతాలో ఎలా రాస్తారు?

అంతకు ముందు ఏడాది టాల్బట్ ఆపినవాటిని మాత్రం రాశారు. 2017లో మెక్‌డేవిడ్ ఎత్తిన కప్పు మీద ఆ గోలీ చేతి గుర్తులూ ఉన్నాయి, అవి ఎవరికీ కనపడలేదు.

2018-19లో మెక్‌డేవిడ్ 116 పాయింట్లు చేశాడు. ఫిబ్రవరిలో ఆయిలర్స్ టాల్బట్‌ను ఫిలడెల్ఫియాకు పంపేసింది. సీజన్ అయ్యేసరికి జట్టు 79 దగ్గర ఆగింది, అంతకు ముందు ఏడాది కంటే ఒక్కటి ఎక్కువ. ప్లేఆఫ్స్‌కు మళ్లీ వెళ్లలేదు. హార్ట్ ఓట్లలో మెక్‌డేవిడ్‌కు ఈసారి మూడో స్థానం ఇచ్చారు.